సాయంత్రపు తిండి యావ, మేడ మీద 14 సంచులు

మీరు రాసిన రెండు బాధలూ నాకు బాగా తెలిసినవే. ఎండాకాలం మొదలవగానే ఆఫీసులో ఒత్తిడి పెరగడం, సాయంత్రం ఇంటికి రాగానే వేయించినవో తీపివో తినకపోతే ఉండలేకపోవడం ఒకటి. ఇష్టపడి మేడ మీద పెంచుకున్న టొమాటో, కొత్తిమీర, పాలకూర ఏప్రిల్ వచ్చేసరికి మాడిపోవడం రెండోది. "నోరు కట్టుకోలేకపోతున్నాను, మొక్కలనూ బతికించుకోలేకపోతున్నాను, వానలు పడేదాకా తోట మానేయమంటారా?" అని అడిగారు. మానేయవద్దు. ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే నా సంగతి కొంత చెప్పాలి.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. వేసవి సెలవులు పిల్లలకే. మాకు అది అడ్మిషన్ల కాలం. పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లల చిరునామాలు పట్టుకుని ఏప్రిల్, మే నెలల్లో గడప గడపకూ తిరగాలి. ఒక్కొక్కరు ఇంతమందిని చేర్పించాలని లెక్క ఉంటుంది. అది పూర్తికాకపోతే ఉద్యోగం ఉంటుందో ఉండదో అన్న దిగులు. పొద్దున తొమ్మిదింటికి బయలుదేరితే మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని కూర్చునే చోటు దొరకదు. ఎవరింట్లోనో ఇచ్చిన టీ, రెండు బిస్కెట్లు, అంతే. సాయంత్రం మా వీధి మలుపులో పునుగుల బండి. అక్కడే నిలబడి ఒక పొట్లం, ఇంటికి తీసుకెళ్ళి ఇంకో పొట్లం. రాత్రి అందరూ పడుకున్నాక డబ్బాలోని కాజాలు. 2022 వేసవి మొత్తం ఇలాగే గడిచింది. పునుగులంటే నాకు ఇష్టమే, కానీ ఆ రోజుల్లో తిన్నవాటి రుచి ఒక్కటీ గుర్తులేదు.

ఆ మే నెలలోనే ఒక సాయంత్రం, ఎండిన మొక్కలు పీకేసి, వాటిని పెంచిన మట్టి సంచులు ఖాళీ చేద్దామని మేడ ఎక్కాను. ఫిబ్రవరిలో నిండుగా కాసిన టొమాటో మొక్కలు పుల్లలై నిలబడి ఉన్నాయి. ఒక సంచిలో మాత్రం ఆ పుల్లల మొదట్లో, ఎర్రటి కాడలతో, దళసరి ఆకులతో గంగపాయల కూర పరుచుకుని ఉంది. కొన్ని చోట్ల దీన్నే గంగవాయిలి అంటారు. నేను విత్తనం చల్లలేదు. అప్పటికి వారం రోజులుగా నీళ్ళు కూడా సరిగా పోయలేదు. మట్టి అదే, ఎండా అదే. టొమాటో చచ్చిన చోట ఇది కళకళలాడుతోంది. అప్పటిదాకా నా హస్తవాసి మంచిది కాదని అనుకునేదాన్ని. తప్పు చేతిది కాదని, నేను ఎంచుకున్న మొక్కలదని ఆ రోజు అర్థమైంది. దాన్ని కోసి, పుల్లటి మామిడికాయ ముక్కలు వేసి పప్పు వండాను. చాలా రోజుల తర్వాత ఆకలేసి తిన్న భోజనం అది.

(మీ సంచుల్లోనూ అది మొలిస్తే కోసే ముందు కాడ తుంచి చూడండి. పాలు కారితే అది వేరే మొక్క, తినకూడదు. గంగపాయల కాడలో నీరే ఉంటుంది. మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవారు దీన్నీ, తోటకూర, పాలకూరలనూ మితంగా తినాలి.)

టొమాటో అయితే పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పూత రాల్చేస్తుంది. కొత్తిమీర నాలుగు ఆకులు వేయకముందే పూతకు వస్తుంది. పాలకూర, క్యాబేజీ, ముల్లంగి చలికాలానివి. వీటిని మే నెలలో బతికించాలని చూడటం మీ తప్పు కాదు, కానీ అది మీకు ఇంకో ఒత్తిడి. ఎండను ఇష్టపడేవి వేరే ఉన్నాయి: తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ, గోరుచిక్కుడు, బీర, సొర, కాకర. తోటకూర విత్తితే ఇరవై అయిదు, ముప్పై రోజుల్లో కోతకు వస్తుంది. మనసు బాగాలేనప్పుడు అంత త్వరగా ఏదో ఒకటి చేతికి రావడం ఎంత మేలు చేస్తుందో అనుభవించినవారికే తెలుస్తుంది. మొదటి విత్తనంగా తోటకూరనే వేయమంటాను.

ఇక ఎండ సంగతి. నేను రోజూ పాఠం చెప్పే విషయాన్నే నా మేడ మీద గమనించడానికి రెండేళ్ళు పట్టింది. మొక్కను మాడ్చేది పైనున్న ఎండ ఒక్కటే కాదు, కిందున్న శ్లాబు కూడా. పగలంతా తాగిన వేడిని అది రాత్రంతా వదులుతూనే ఉంటుంది. దాని మీద నేరుగా పెట్టిన నల్లటి సంచిలో వేర్లు ఉడికిపోతాయి. అందుకే ప్రతి సంచి కిందా రెండేసి ఇటుకలు పెట్టాను, మధ్య నుంచి గాలి ఆడేలా. సంచి చుట్టూ పాత గోనెపట్టా చుట్టి, నీళ్ళు పోసేటప్పుడు దాన్నీ తడుపుతాను. కుండలో నీళ్ళు ఎలా చల్లబడతాయో మట్టి కూడా అలాగే చల్లబడుతుంది. మట్టి పైన రెండు అంగుళాల మందాన ఎండుటాకులో కొబ్బరి పీచో పరుస్తాను. అన్ని సంచులనూ మెట్ల గదికి తూర్పు వైపుకు జరిపాను. పొద్దుటి ఎండ తగులుతుంది, మధ్యాహ్నం దాటాక గోడ నీడ పడుతుంది. ఆకుకూరల మీద మాత్రం సగం ఎండను ఆపే ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టాను.

నీళ్ళ దగ్గర నేను చేసిన పొరపాటు మీరు చేయవద్దు. సాయంత్రం మేడ మీది ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. అవే పట్టి పోసేదాన్ని. ఇప్పుడు పొద్దున్నే బకెట్లు నింపి నీడలో పెడతాను, సాయంత్రం అవి పోస్తాను. పొద్దున ఏడు లోపు ఒకసారి బాగా తడిస్తే చాలా మొక్కలకు అదే సరిపోతుంది. మధ్యాహ్నం రెండింటికి ఆకులు వాలిపోయి కనిపిస్తే కంగారుపడి నీళ్ళు పోయకండి. వేలు రెండు అంగుళాలు లోపలికి పెట్టి చూడండి. లోపల తడి ఉంటే ఎండ తగ్గాక మొక్క అదే తేరుకుంటుంది. తడి మట్టిలోనే మళ్ళీ మళ్ళీ పోస్తే వేరు కుళ్ళుతుంది.

ఇప్పుడు తోట ఎందుకు మానవద్దన్నానో చెబుతాను, అంటే ఈ తోటకూ తిండి యావకూ సంబంధం ఏమిటన్నది.

2023లో ఫిబ్రవరిలోనే బీర విత్తాను. ఏప్రిల్‌కు తీగ పందిరెక్కి పూసింది, కానీ పిందెలన్నీ పసుపు రంగుకు తిరిగి రాలిపోయాయి. మా మేడ మీదికి తేనెటీగలు, రెక్కల పురుగులు పెద్దగా రావు, అందుకని మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు మనమే అంటించాలి. పువ్వు వెనక చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు. ఎండ ముదిరేకొద్దీ మగపూలే ఎక్కువ వస్తాయి కనుక ఒక్క ఆడపువ్వును కూడా వదులుకోలేం. బీరపువ్వు విచ్చుకునేది సాయంత్రం. సొరపువ్వు అయితే పొద్దు వాలాక. నేను బండి దగ్గర నిలబడే వేళే అది! మొదటి పది రోజులు పునుగులు మానాలన్న పట్టుదలతో కాదు, బీరకాయ కోసమే మేడ మీదికి వెళ్ళాను. బస్సు దిగి బండి దాటి తిన్నగా మేడ ఎక్కి, తీగ అంతా వెతికి ఆడపువ్వు పట్టుకుని, మగపువ్వు కోసి రేకులు తీసేసి, దాన్ని సున్నితంగా తాకించేదాన్ని. తర్వాత పురుగు పట్టిన ఆకులు తుంచడం, మట్టి గుల్ల చేయడం. కిందికి దిగేసరికి ఏడుంపావు. ఆ పది రోజుల్లో పునుగులు తినలేదన్న సంగతి నాకే ఆలస్యంగా తోచింది.

దీనికి కారణం ఉందని తర్వాత చదివి తెలుసుకున్నాను. యావ అంటే చాలావరకు మనసులో కదిలే బొమ్మ. నూనెలో వేగుతున్న చప్పుడు, వాసన, నోట్లో పెట్టుకున్నట్టు ఊహ. కళ్ళూ చేతులూ ఇంకో పనిలో పూర్తిగా మునిగితే ఆ బొమ్మకు చోటుండదు. బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, బంకమట్టి లాంటి ముద్దతో కాసేపు బొమ్మలు చేసినవారికి చాక్లెట్ మీద కోరిక తగ్గింది. అంతకు ముందు ఏడాది నెదర్లాండ్స్‌లో, ఒత్తిడి కలిగించే పని ఒకటి చేయించాక కొందరిని అరగంట తోటపనికి, కొందరిని లోపల కూర్చుని చదువుకోవడానికి పంపారు. ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోను రెండు బృందాల్లోనూ తగ్గింది, తోటపని చేసినవారిలో ఎక్కువ తగ్గింది. ఇవి చిన్న అధ్యయనాలే, వీటితో అన్నీ నయమవుతాయని నేను అనను. కానీ నా సాయంత్రాల్లో జరిగింది ఇదే. "తినకూడదు, తినకూడదు" అని కూర్చున్నంతసేపూ ఆ బొమ్మనే చూస్తూ ఉండేదాన్ని.

మొక్కలు చేయలేని పని కూడా ఉంది. నా యావలో సగం నిజమైన ఆకలి, దాహం. మధ్యాహ్నం అన్నం తినని మనిషికి సాయంత్రం బజ్జీ కనబడితే ఆగడం చాలా కష్టం. ఇప్పుడు ఎవరేమనుకున్నా ఒంటిగంటకు ఏ గుడి అరుగు మీదో చెట్టు కిందో కూర్చుని పెరుగన్నం తింటాను. మేడ ఎక్కేటప్పుడు చేతిలో అల్లం, ఉప్పు వేసిన పెద్ద గ్లాసు మజ్జిగ ఉంటుంది. ఉక్కకు నిద్ర లేని రాత్రి తర్వాతి రోజు ఆకలి పెంచే హార్మోన్లు పెరుగుతాయి, తీపి మీదికి మనసు పోతుంది. కాబట్టి అలాంటి రోజున మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, ఆ రాత్రి త్వరగా పడుకోండి.

ఇష్టమైనవి పూర్తిగా మానమని కూడా చెప్పను. మానేస్తానని శపథం పట్టిన ప్రతిసారీ నాలుగో రోజుకు రెండింతలు తిన్నాను. మెట్ల గది నీడలో వామాకు కుండీ ఒకటి పెట్టుకోండి. చిన్న కొమ్మ గుచ్చితే బతుకుతుంది, మండుటెండ మాత్రం పనికిరాదు. శనివారం సాయంత్రం ముదురు ఆకులు పన్నెండు కోస్తాను, ముగ్గురికి పన్నెండు బజ్జీలు. మొక్క ఇచ్చినన్ని ఆకులకే శనగపిండి కలుపుతాను. మే నెలలో కొత్తావకాయ కలిపిన రోజున వేడి అన్నం, నెయ్యి వేసుకుని నిండుగా తింటాను. అందులో అపరాధం ఏమీ లేదు.

ఇంకో హెచ్చరిక. 2024లో ఉత్సాహం ఎక్కువై సంచులను 40కి పెంచాను. మే నెలలో మా అపార్టుమెంటుకు నీళ్ళు తగ్గి ట్యాంకర్లు తెప్పించాల్సి వచ్చింది. మిగతావారు తాగే నీళ్ళ కోసం చూస్తుంటే నేను మొక్కలకు పోయడం నాకే సబబు అనిపించలేదు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఎన్నింటికి సరిపోతాయి? పైగా ఆ ఏడాదే బెండకు తెల్లదోమ పట్టి, ఆకుల ఈనెలు పసుపెక్కి పల్లాకు తెగులు వచ్చింది. దానికి మందు లేదు, పీకేయాల్సిందే. వేపనూనె లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నీళ్ళు కలిపి ముందే సాయంత్రాల్లో కొట్టి ఉంటే దోమ అంతగా పెరిగేది కాదు. తొమ్మిది బెండ మొక్కలు పీకిన రాత్రి, అడ్మిషన్ల లెక్క కూడా తక్కువై, కాజాల డబ్బా మళ్ళీ తెరిచాను. చెప్పడానికి బాధగా ఉన్నా మీకు తెలియాలని చెబుతున్నాను. మరుసటి వారం 26 సంచులు పొరుగువారికి ఇచ్చేశాను. 14 మిగిలాయి. పొద్దున పావుగంట, సాయంత్రం అరగంటలో అయిపోయే పని అది. మీకు ఆరు సంచులు చాలు.

మీ మాటల్లో "ఎవరూ చూడకుండా తింటున్నాను" అని ఉంది. అది అప్పుడప్పుడు అయితే మనలో చాలామందికి ఉన్నదే. కానీ కడుపు నొప్పి పుట్టేదాకా ఆపలేకపోవడం, తిన్నాక తీవ్రమైన సిగ్గు, రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే దయచేసి వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. దాన్ని మొక్కలకు అప్పగించి కూర్చోవద్దు.

ఈ వారం చేయాల్సింది తక్కువే. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్ళలో కలిపి, సంచికి గుప్పెడు వేపపిండి వేయండి. రెండు సంచుల్లో తోటకూర, ఒకదాంట్లో గోంగూర చల్లండి. బెండ గింజలు రాత్రి నానబెట్టి పొద్దున గుచ్చండి. బీర, సొర ఇప్పుడు వద్దు, రోహిణీ కార్తె ఎండలకు లేత తీగ తట్టుకోలేదు, మృగశిర వచ్చాక వేయవచ్చు. మీ మెట్ల గది మేడకు ఏ మూలన ఉందో, మధ్యాహ్నం మూడింటికి దాని నీడ ఎటు పడుతోందో చూసి రాయండి. సంచులు ఎక్కడ పెట్టాలో చెబుతాను.