ముప్పై మూడేళ్లకు మెడికల్ స్కూల్: ఏ ఏడాది అప్లై చేయాలి?

సందేహం: అక్కా, నా వయసు 33. ఇంటర్‌లో ఎంపీసీ, కాకినాడలో బీటెక్, ఇక్కడ అమెరికాలో ఎంఎస్, తర్వాత డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మావారు సిటిజన్ కాబట్టి గ్రీన్ కార్డు వచ్చేసింది. డాక్టర్ కావాలన్న పాత కోరిక మళ్లీ లేచింది. సాయంత్రం పూట కమ్యూనిటీ కాలేజీలో మెడిసిన్‌కి ముందు చదవాల్సిన జనరల్ కెమిస్ట్రీ, బయాలజీ మొదటి భాగాలు డిసెంబరులో అయ్యాయి. ఏప్రిల్‌లో ఎంక్యాట్ (ఇక్కడి మెడికల్ ప్రవేశ పరీక్ష) రాసేసి ఈ 2026 జూన్‌లోనే అప్లై చేద్దామనుకుంటున్నాను. ఇప్పటికే ఆలస్యమైందని ఒకటే టెన్షన్. చేయమంటారా?

జవాబు: ఈ జూన్ వద్దమ్మా. ఉద్యోగం చేసుకుంటూ చదివితే 2028 జూన్. మానేసి పూర్తిగా చదువు మీదే కూర్చుంటే 2027 జూన్. నేనూ ఐటీలోంచి ఇటు వచ్చినదాన్నే కాబట్టి నీ తొందర నాకు తెలుసు. అయినా వద్దంటున్నాను.

ముందు ఇక్కడి పద్ధతి చూడు. అప్లై చేసిన రోజు నుంచి క్లాసులో కూర్చునే రోజు దాకా దాదాపు పద్నాలుగు నెలలు పడుతుంది. ఎండీ (ఇక్కడ డాక్టరు కావడానికి చదివే డిగ్రీయే ఇది, మన పీజీ కాదు) కాలేజీలకు ఆమ్‌క్యాస్ అనే ఉమ్మడి దరఖాస్తు మే మొదట్లో తెరుస్తారు. మే చివర్లోనో జూన్ తొలి రోజుల్లోనో సబ్మిట్ చేయనిస్తారు. జూన్ చివరి నుంచి కాలేజీలకు వెళ్తుంది. జూలై, ఆగస్టుల్లో ఒక్కో కాలేజీ మళ్లీ తన సొంత ప్రశ్నలు పంపుతుంది. సెకండరీలంటారు వీటిని. ఇంటర్వ్యూలు ఎండాకాలం చివర్లో మొదలై చలికాలమంతా సాగుతాయి. ఎండీ సీట్ల కబుర్లు అక్టోబరు 15 నుంచి వస్తాయి. క్లాసులు ఆ పై ఏడాది జూలై, ఆగస్టుల్లో. అంటే ఈ జూన్‌లో అన్నీ కుదిరినా నువ్వు చేరేది 2027లోనే.

మరి అన్నీ కుదిరాయా? చిక్కంతా ఇక్కడే ఉంది, మనవాళ్లలో చాలామందికి ఆలస్యంగా తెలిసేదీ ఇదే.

నీ బీటెక్ మార్కులు ఆమ్‌క్యాస్ లెక్కలోకి రావు. కాలేజీ పేరు రాయమంటారు, అంతే. బయటి దేశాల ట్రాన్స్‌క్రిప్టులను వాళ్లు పరిశీలించరు, వెస్ అనే సంస్థ చేసే విదేశీ డిగ్రీ ఇవాల్యుయేషన్ తెచ్చినా అక్కడ పనికిరాదు. ఎంఎస్ మార్కులు లెక్కలోకి వస్తాయి గానీ గ్రాడ్యుయేట్ జీపీఏ కింద వేరుగా పడతాయి. కాబట్టి నీ అండర్‌గ్రాడ్ సైన్స్ జీపీఏ అంటే ఇప్పుడు సాయంత్రాలు చదువుతున్న ఈ కొద్ది కోర్సులే. నాలుగేళ్లు ఇక్కడే చదివిన పిల్లాడికి ఒక బీ గ్రేడు మిగతావాటిలో కలిసిపోతుంది. నీకు కలిసిపోదు. ఆర్గానిక్ కెమిస్ట్రీని, ఫిజిక్స్‌ని, ఆఫీసు రిలీజ్‌ని ఒకే సెమిస్టరులో కుక్కేసి ఏడాది మిగుల్చుకోవాలని చూస్తే ఆ బీ గ్రేడులే మిగులుతాయి.

ఇంతకంటే పెద్ద మెలిక ఇంకొకటి. కొన్ని కాలేజీలు అమెరికాలో బ్యాచిలర్స్ డిగ్రీ ఉండాలంటాయి, కొన్ని కనీసం 90 క్రెడిట్లు ఇక్కడ చదివి ఉండాలంటాయి. ఎంఎస్ దానికి సరిపోతుందా లేదా అనేది ఒక్కోచోట ఒక్కోలా చెప్తారు. కాబట్టి ఇంకో కోర్సుకు ఫీజు కట్టే ముందే ఏఏఎంసీ (అమెరికా మెడికల్ కాలేజీల సంఘం) వాళ్ల ఎంఎస్ఏఆర్ అనే సమాచార పట్టికలో నువ్వు అనుకుంటున్న కాలేజీల నిబంధన చూడు. అర్థం కాకపోతే అడ్మిషన్స్ ఆఫీసుకే ఈమెయిల్ రాసి లిఖితపూర్వకంగా జవాబు తీసుకో. ప్రీరిక్విజిట్లు, అంటే ముందే చదివి ఉండాల్సిన ఈ సైన్స్ కోర్సులు, కమ్యూనిటీ కాలేజీలో చదివితే చిన్నచూపు చూసే కాలేజీలూ ఉన్నాయి. ఆర్గానిక్ నుంచైనా నాలుగేళ్ల యూనివర్సిటీకి మారితే మంచిది. ఆస్టియోపతిక్ డాక్టర్ డిగ్రీ ఇచ్చే డీఓ కాలేజీల దరఖాస్తు ఆకోమాస్ మాత్రం ఇవాల్యుయేషన్ చేయించిన విదేశీ కోర్సులను తీసుకుంటుంది, చివరి మాట కాలేజీదే అయినా. డీఓ అంటే తక్కువని మనవాళ్లు ముఖం చిట్లిస్తారు. ఎండీలు, డీఓలు ఇద్దరూ పూర్తి స్థాయి డాక్టర్లే, 2020 నుంచి రెసిడెన్సీలన్నీ (డిగ్రీ తర్వాతి ఆసుపత్రి శిక్షణ) ఒకే గుర్తింపు వ్యవస్థ కింద ఉన్నాయి. నాకైతే పట్టింపు లేదు.

ఇక వెనక నుంచి లెక్కవేద్దాం. జనరల్ కెమిస్ట్రీ రెండు భాగాలు అయ్యాకే ఆర్గానిక్, ఆర్గానిక్ అయ్యాకే బయోకెమిస్ట్రీ. ఈ వరుస ఎవరి కోసమూ మారదు. నీ సంవత్సరం తేల్చేది ఇదే, వయసు కాదు. ఈ వసంతంలో కెమిస్ట్రీ, బయాలజీ రెండో భాగాలు. 2026 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టరు) నుంచి 2027 వసంతం దాకా ఆర్గానిక్, దాంతోపాటు కుదిరితే ఫిజిక్స్. 2027 ఫాల్‌లో బయోకెమిస్ట్రీ. ఎంక్యాట్ 2028 జనవరిలోనో మార్చి, ఏప్రిల్‌లోనో. దరఖాస్తు ఆ జూన్‌లో. చేరేది 2029లో, 36 ఏళ్లకు. ఫ్యామిలీ మెడిసిన్ అయితే నాలుగేళ్ల చదువు, మూడేళ్ల రెసిడెన్సీ కలుపుకుని 2036కి బయటికి వస్తావు. ఉద్యోగం మానేస్తే ఆర్గానిక్‌ని ఈ సమ్మర్‌లో, బయోకెమిస్ట్రీని ఫాల్‌లో పెట్టుకుని ఒక ఏడాది తగ్గించవచ్చు. రెండు జీతాల ఇంట్లో ఒకటి ఆగిపోయినా లోన్లు, డేకేర్ నడుస్తాయా అన్నది మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సింది.

ఎంక్యాట్ గురించి. ఏడున్నర గంటల వ్యవహారం, 472 నుంచి 528 మధ్య స్కోరు, రాసిన నెల రోజులకు వస్తుంది. బయోకెమిస్ట్రీ దాంట్లో గట్టిగా ఉంటుంది కాబట్టి అది చదవకుండా ఈ ఏప్రిల్‌లో రాయడంలో అర్థం లేదు. ‘ఒకసారి రాసి చూద్దాం, కుదరకపోతే లాంగ్‌టర్మ్’ అన్న ఎంసెట్ అలవాటు ఇక్కడ పక్కన పెట్టు. ఏడాదికి మూడుసార్లు, వరుసగా రెండేళ్లలో నాలుగు, జీవితం మొత్తంలో ఏడు, అంతే. పాత స్కోర్లూ కాలేజీలకు కనిపిస్తాయి. అలాగని మరీ ముందు రాసినా చిక్కే, ఎక్కువ కాలేజీలు రెండు మూడేళ్లు దాటిన స్కోరు తీసుకోవు.

జూన్, జూన్ అని ఎందుకంటున్నానంటే, చాలా కాలేజీలు దరఖాస్తులను వచ్చిన వరుసలో చూస్తూ ఇంటర్వ్యూలకు పిలుస్తూ పోతాయి. గడువు శరదృతువు దాకా ఉంటుంది, నిజమే. కానీ సెప్టెంబరులో పంపితే, కొన్ని ఖాళీలు నిండాక లైన్లో నిలబడినట్టే. పైగా ఆమ్‌క్యాస్ వాళ్లు నీ ట్రాన్స్‌క్రిప్టులు సరిచూడటానికి రద్దీ వేళ నాలుగు నుంచి ఆరు వారాలు తీసుకుంటారు. స్కోరు ఇంకా రాకపోతే ఒక్క కాలేజీ పేరుతో సబ్మిట్ చేసి వెరిఫికేషన్ కానిచ్చుకో, స్కోరు చూశాక మిగతా పేర్లు చేర్చవచ్చు. సిఫారసు లేఖల కోసం వెరిఫికేషన్ ఆగదు, ట్రాన్స్‌క్రిప్టుల కోసం ఆగుతుంది. సగం సిద్ధంగా జూన్‌లో పంపడం కన్నా, పూర్తి సిద్ధమై మరుసటి జూన్‌లో పంపడం మేలు. రెండోసారి వచ్చేవాళ్లను ‘పోయినసారికీ ఇప్పటికీ ఏం మారింది’ అని అడిగే కాలేజీలున్నాయి.

నువ్వు డాలస్‌లో ఉండటం కలిసొచ్చే విషయం. టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు కనీసం 90 శాతం సీట్లు టెక్సాస్ వాసులకే ఇస్తాయి, ఫీజు కూడా ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. యూటీ సౌత్‌వెస్టర్న్ మీ ఊళ్లోనే ఉంది. వీటికి టీఎండీఎస్ఏఎస్ అనే వేరే దరఖాస్తు ఉంది, అది మే మొదట్లోనే తెరుస్తారు. కాబట్టి మీవారికి కాలిఫోర్నియాలో మంచి ఆఫర్ వచ్చినా, దరఖాస్తు అయ్యేదాకా టెక్సాస్ వదలకండి.

డబ్బు విషయంలో ఒక కొత్త సంగతి. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ ప్రభుత్వ లోన్ ఉండదు. మెడిసిన్ లాంటి ప్రొఫెషనల్ కోర్సులకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం మీద రెండు లక్షలు. ప్రైవేటు కాలేజీ ఖర్చు దీన్ని సులువుగా దాటిపోతుంది, మిగతాది చేతినుంచో ప్రైవేటు లోనో. నీ ఉద్యోగపు ఏడాదిని పోయిన కాలంగా కాక, ఈ గుంత పూడ్చే సంపాదనగా చూడు.

ఇది చదివే హెచ్1, హెచ్4 వాళ్లకు ఒక మాట. కోర్సులు ఇప్పుడే మొదలుపెట్టుకోవచ్చు, హెచ్1 మీద ఉద్యోగం చేస్తూనే చదవొచ్చు. కానీ గ్రీన్ కార్డు లేనివాళ్లను తీసుకునే మెడికల్ కాలేజీలు తక్కువ, ఫెడరల్ లోన్ రాదు, నాలుగేళ్ల ఫీజు ముందే చూపించమనే కాలేజీలూ ఉన్నాయి. మీ దరఖాస్తు ఏడాదిని కార్డుకు ముడిపెట్టండి.

ఇంట్లో పెద్దవాళ్లు ‘ఇండియా వెళ్లి ఎంబీబీఎస్ చేసి రా’ అనొచ్చు. అక్కడ అయిదున్నరేళ్లు, తిరిగొచ్చి యూఎస్‌ఎంఎల్‌ఈ అనే ఇక్కడి లైసెన్సు పరీక్షలు, మళ్లీ రెసిడెన్సీ. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లకు నీట్ దగ్గర బయాలజీ గొడవ అదనం. నేనైతే ఆ దారి చెప్పను.

ఈలోగా ఖాళీగా ఉండకు. క్లాసు జరుగుతున్నప్పుడే ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్లు, గ్రేడ్లు పడ్డ వారంలోనే లేఖ అడుగు, రెండేళ్లాగితే నీ ముఖం గుర్తుండదు. వారానికి మూడు నాలుగు గంటలు హాస్పిస్‌లోనో (చివరి దశ రోగులను చూసుకునే చోటు) ఫ్రీ క్లినిక్‌లోనో వాలంటీరుగా పెట్టుకుని మానకుండా వెళ్లు. షాడోయింగ్‌కి, అంటే డాక్టరు వెంట ఉండి పని గమనించడానికి, బావగారి క్లినిక్‌కి వెళ్తే వెళ్లు గానీ లేఖ మాత్రం బంధువు కాని డాక్టరు దగ్గరే తీసుకో. ఏప్రిల్‌కి ఎంక్యాట్ స్లాట్ ఇప్పటికే బుక్ చేసుంటే ఈ వారమే క్యాన్సిల్ చేయి, తేదీ దగ్గరపడేకొద్దీ వెనక్కిచ్చే డబ్బు తగ్గుతుంది.