మాఘంలో పెళ్లి అంటున్నారు... నేను గే అని ఇంట్లో ఎలా చెప్పాలి?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. నాకు 27 ఏళ్లు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. దగ్గర్లోనే రూము తీసుకుని ఉంటున్నాను. నాకు మగవాళ్లంటేనే ఆకర్షణ అని ఇంటర్‌లోనే తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. మావయ్య కూతుర్ని నాకు చేసుకోవాలని చిన్నప్పుడే అనుకున్నారు. ఆ అమ్మాయి డిగ్రీ అయిపోయింది. కార్తీకంలో తాంబూలాలు, మాఘంలో పెళ్లి అంటున్నారు. మొన్న ఇంటికెళ్తే అమ్మ బీరువా తీసి, కోడలి కోసం చేయించిన గొలుసు నా చేతిలో పెట్టి ఎంత బరువుందో చూడమంది. ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారి అక్కకి చెప్పేశాను. చాలాసేపు ఏడ్చి, "అమ్మకి నేను చెప్తాలే. నాన్నకి మాత్రం వద్దు, స్టెంటు వేసిన మనిషి" అంది. తర్వాత బావకీ చెప్పేసింది. ఆయన "ఇవి సిటీ రోగాలు, వైజాగ్‌లో ఒక డాక్టరు ఇంజక్షన్లిచ్చి మారుస్తాడు, పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి" అంటున్నాడు. నాలాంటి వాళ్లు నాకు ఒక్కరూ తెలియదు. ఒక యాప్‌లో చేరితే ఒకడు నా ఫొటోలు తీసుకుని బెదిరించాడు. ఐదు వేలు పంపి యాప్ తీసేశాను. ఒక్కోసారి బతక్కపోతే ఏమవుతుంది అనిపిస్తోంది. ఇంట్లో ఎప్పుడు చెప్పాలి? ఎలా చెప్పాలి?

– పేరు వద్దు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: బతక్కపోతే ఏమవుతుంది అన్నారే, ముందు ఆ మాట సంగతి చూద్దాం. రాత్రి షిఫ్టు దిగి రూములో ఒక్కరే ఉన్నప్పుడు ఆ ఆలోచన వస్తే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే లైను. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆలోచన అక్కడితో ఆగకుండా ఎలా, ఎప్పుడు అని మనసు లెక్కలు వేస్తుంటే మాత్రం ఒంటరిగా ఉండకండి. పక్క రూమువాణ్ని లేపండి, అక్కకి ఫోన్ కొట్టండి, దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. ఎందుకొచ్చావని అడిగితే గే సంగతి చెప్పనక్కర్లేదు. "బతకాలనిపించడం లేదు" అంటే చాలు, వాళ్లకి అర్థమవుతుంది.

ఇక మీ ప్రశ్న. మీరు రెండు పనుల్ని ఒకే మూటలో కట్టేశారు. పెళ్లి వద్దని చెప్పడం ఒకటి, నేను గే అని చెప్పడం మరొకటి. మొదటిదానికి గడువుంది, అది కార్తీకం. రెండోదానికి గడువు లేదు. అది మీరు సిద్ధమైన రోజు, మీరు ఎంచుకున్న మనిషికి చెప్పే మాట. రెండూ ఒకేసారి జరగాలనుకుంటున్నారు కాబట్టే రెండూ కదలడం లేదు.

పెళ్లి మాత్రం ఆపాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. "పెళ్లయితే సర్దుకుంటుంది" అనే మాట మీ బావ ఒక్కడిదే కాదు, అందరి నోటా ఉంటుంది. సర్దుకునేది ఎవరు? మీ మరదలు. మొగుడు తన వైపు ఎందుకు తిరగడో తెలియక, తనలోనే ఏదో లోపం ఉందనుకుంటూ, ఏడాది తిరగకముందే "ఇంకా ఏం లేదా?" అని అడిగే చుట్టాలందరికీ జవాబు చెప్పుకుంటూ ఆమె సర్దుకోవాలి. బయటి సంబంధమైతే కనీసం పుట్టింటికి వెళ్లి ఏడుస్తుంది. మేనరికంలో ఆమె ఫిర్యాదు చెయ్యాల్సిన అత్త సొంత మేనత్తే. రేపు విషయం బయటపడి మావయ్య మోసం చేశారని కోర్టుకెక్కితే మీ అమ్మకి పుట్టిల్లే ఉండదు. ఇప్పుడు పెళ్లి ఆగితే అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు కొన్నాళ్లు ఆగుతాయి. అది చిన్న నష్టమని నేననను, కానీ తాంబూలాలు మార్చుకున్నాక ఆగితే ఇంతకింత అవుతుంది. ఇప్పుడైతే ఇది రెండిళ్ల మధ్య మాట, అప్పుడు ఊరి మధ్య మాట.

ఏమని చెప్పాలి? "మరదల్ని చెల్లెలిలా చూశాను" అనకండి. పోనీ అని బయటి సంబంధం తెస్తారు. "మేనరికం మంచిది కాదంటున్నారు డాక్టర్లు" అన్నా అంతే. సాకు చెప్తే వాళ్లు ఆ సాకుకి మందు వెతుకుతారు. "నాకు పెళ్లే వద్దు. ఈ అమ్మాయని కాదు, ఎవర్నీ చేసుకోను. కారణం ఉంది, చెప్పగలిగిన రోజు నేనే చెప్తాను" అనండి. ఇందులో అబద్ధం లేదు, పూర్తి నిజమూ బయట పెట్టలేదు. "నీకేటి లోటు సేసినాం రా" అని అమ్మ ఏడుస్తుంది. ఆ ఏడుపు చూడలేక నోరు జారకండి, మెత్తబడి సరే అనకండి. అదే వాక్యాన్ని అదే గొంతుతో మళ్లీ చెప్పండి.

ఆ గొడవకి ముందే చక్కబెట్టుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మీ జీతం అకౌంటు ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది? మన ఇళ్లలో పెళ్లికాని కొడుకు కార్డు నాన్న జేబులో ఉండటం మామూలే. అలా ఉంటే దాన్ని మీ దగ్గర పెట్టుకోండి. ఇంటికి పంపే డబ్బు పంపుతూనే ఉండండి. పదో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా సర్టిఫికెట్లు, ఆధార్, పాన్ అన్నీ రూముకి తెచ్చుకోండి. ఫోన్ లాక్ మార్చండి. అమ్మానాన్నల్ని శత్రువులుగా చూడమని కాదు. కోపంలో చేసే పనులు వేరు, మనుషులు వేరు. కోపం చల్లారేదాకా మీరు నిలబడటానికి చోటుండాలి కదా.

బావ చెప్పిన ఇంజక్షన్ల డాక్టరు దగ్గరికి వెళ్లొద్దు. ఇది జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మన దేశంలోని మానసిక వైద్యుల సంఘం, ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ, 2018లో అదే మాట చెప్పింది. మారుస్తామంటూ చేసే వైద్యం వృత్తిపరమైన తప్పు అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకి రాసింది. అంటే ఆ పని చేసే డాక్టరు మీద ఫిర్యాదు చెయ్యొచ్చు. దిగులుకీ నిద్రలేమికీ వైద్యం మాత్రం తప్పక చేయించుకోండి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ప్రైవేటు కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలనుకుంటే ముందే ఫోన్లో అడగండి: "నేను గేని. మారడానికి రావడం లేదు, టెన్షన్ తగ్గడానికి వస్తున్నాను. చూస్తారా?" అవతలి వాళ్లు నసిగితే ఇంకొకరికి చెయ్యండి. ఫీజూ బస్సు చార్జీ మిగులుతాయి.

సిటీ రోగమన్న మాటకి కూడా ఒక జవాబుంది. పరుగుల రాణి ద్యుతీ చంద్ మన పక్క రాష్ట్రం ఒడిశాలో చాకా గోపాల్‌పూర్ అనే పల్లెలో, నేత కుటుంబంలో పుట్టింది. తను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని 2019లో బయటికి చెప్పింది. ఇంట్లోవాళ్లే ఎదురుతిరిగినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆమె హైదరాబాద్‌లో శిక్షణ తీసుకున్న మాట నిజమే, కానీ ప్రేమించిన అమ్మాయిది సొంతూరే. మీ బావ క్రీడల వార్తలు చదివే మనిషైతే ఈ సంగతి పనికొస్తుంది.

అక్క గురించి ఒక మాట. మీరు చెప్పగానే తలుపు వేసెయ్యలేదు, తమ్ముడి తరఫున అమ్మతో మాట్లాడతానంది. మంచి అక్క. కానీ మిమ్మల్నడక్కుండా బావకి చెప్పింది. మొగుడి దగ్గర దాచలేక చెప్పి ఉంటుంది, కోపం తెచ్చుకోవద్దు. అయితే ఇకపై ఎవరికి చెప్పాలన్నా ముందు మిమ్మల్ని అడగాలని స్పష్టంగా చెప్పండి. బావ మావయ్యతో కూర్చుని ఒక మాట జారాడంటే మీ చేతిలో ఏమీ ఉండదు. ఆయనతో మీరే ఒకసారి మాట్లాడండి. ఒప్పించనక్కర్లేదు. "మీకు నచ్చకపోయినా ఫరవాలేదు బావా, మూడో మనిషికి తెలియకూడదు" అని మాట తీసుకోండి చాలు.

ఇప్పుడు అసలు కొరత. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టిన మాట "నాలాంటి వాళ్లు ఒక్కరూ తెలియదు" అన్నది. అమ్మకి చెప్పే రోజుకి ముందే మీకు అలాంటి వాళ్లు ఒకరిద్దరైనా తెలిసి ఉండాలి. ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది విని "మా అమ్మా అలాగే అంది, తర్వాత ఇలా అయింది" అని చెప్పే మనిషి కావాలి. నేను ఎంత రాసినా ఆ పని చెయ్యలేను.

యాప్‌లో మోసపోయారు కాబట్టి ఆ దారి మూసుకుపోయిందనుకోకండి. మనుషుల్ని సంఘంగా కలవండి. హైదరాబాద్‌లో 2013 నుంచి క్వీర్ స్వాభిమాన యాత్ర పేరుతో మీలాంటి వాళ్ల ఊరేగింపు జరుగుతోంది. దాని చుట్టూ తెలుగు మాట్లాడే బృందాలున్నాయి. అంత దూరం వెళ్లలేకపోతే వాళ్ల ఆన్‌లైన్ సమావేశాల్లో కెమెరా ఆపేసి వినండి, మాట్లాడాలనిపించినప్పుడు మాట్లాడొచ్చు. విశాఖలో మీకు తెలిసినవాళ్లెవరని వాళ్లనే అడగండి. పైడిభీమవరం నుంచి విశాఖ ఎంత దూరం, వీక్లీ ఆఫ్ రోజు పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావొచ్చు. జిల్లాలోనే అయితే ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కౌన్సెలర్లు ఉన్నారు. వాళ్లది హెచ్ఐవీ పరీక్షల పని, కానీ మగవాళ్లని ఇష్టపడే మగవాళ్లతో మాట్లాడటం వాళ్లకి కొత్త కాదు. ఈ వర్గంతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు ఎక్కడున్నాయో వాళ్లకి తెలిసి ఉంటుంది. హెచ్ఐవీ గురించి ప్రభుత్వం నడిపే 1097 హెల్ప్‌లైన్‌ని కూడా అడగొచ్చు. ఇంకో జాగ్రత్త: ఎవర్ని కొత్తగా కలిసినా మొదటిసారి బీచ్ రోడ్డు లాంటి నలుగురున్న చోటే, పగటిపూటే. రూముకి రమ్మనే మొదటి పరిచయాలకి పోవద్దు.

ఆ బెదిరించినవాడు మళ్లీ వస్తాడు. ఐదు వేలు ఇచ్చినవాడు పదీ ఇస్తాడని వాడి లెక్క. ఇంకొక్క రూపాయి పంపకండి. మెసేజీలు, డబ్బు పంపిన వివరాలు, వాడి నంబరు స్క్రీన్‌షాట్లు తీసి దాచండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. గే అని తెలిస్తే పోలీసులు నన్నే పట్టుకుంటారేమో అన్న భయం చాలామందిని ఆపుతోంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో ఇద్దరు మేజర్లు ఇష్టపడి ఉండటం నేరం కాకుండా పోయింది. నేరం చేసింది వాడు, భయపెట్టి డబ్బు లాగడం.

చట్టం సంగతి ఉన్నదున్నట్టు తెలిస్తే మంచిది. ఇద్దరు మగవాళ్ల పెళ్లికి గుర్తింపు లేదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు అది పార్లమెంటు పని అంది. కానీ కలిసి జాయింటు బ్యాంకు ఖాతా తెరవొచ్చు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు అని కేంద్రం 2024లో స్పష్టం చేసింది. అదే ఏడాది డిసెంబరులో మన రాష్ట్ర హైకోర్టు, తండ్రి తన దగ్గర ఉంచేసిన ఒక మేజర్ యువతి తన భాగస్వామి అయిన అమ్మాయితో ఉండొచ్చని, తల్లిదండ్రులు అడ్డుపడకూడదని చెప్పింది. మిమ్మల్ని ఇంట్లో కట్టేసే రోజు వస్తుందని నేననుకోను. వస్తే మాత్రం ఆ తీర్పు గుర్తుంచుకోండి.

అమ్మకి చెప్పే రోజు ఏది? పండగ రోజు కాదు. సంక్రాంతికి ఇల్లు నిండా చుట్టాలుంటారు, ఆమెకి ఏడ్చుకోవడానికి కూడా మూల దొరకదు. ఫోన్లోనూ వద్దు. నాన్న పొలానికి వెళ్లిన పొద్దుటిపూట, అక్క పక్కనుండగా చెప్పండి. "నాకు మగవాళ్లంటేనే ఇష్టం కలుగుతుంది. చిన్నప్పట్నుంచీ ఇంతే. నువ్వు చేసిన తప్పేమీ లేదు" అన్న మూడు ముక్కలు చాలు. ఆమె మొదటి ప్రశ్న బహుశా "అయితే చీర కట్టుకుంటావా?" అని వస్తుంది. ట్రాన్స్‌జెండర్లు వేరు, మీరు వేరు అని ఆమెకి తెలియదు. నవ్వకుండా, కోప్పడకుండా చెప్పండి, "నేను నీ కొడుకునే, ఇలాగే ఉంటాను" అని. రెండో ప్రశ్న "ఊరంతా ఏటనుకుంటాది?" దీనికి మీ దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించకండి. "ఊరికి చెప్పడం లేదమ్మా, నీకు చెప్తున్నాను" అనండి. మూడో ప్రశ్న "ముసలితనంలో నిన్నెవరు చూస్తారు?" నా అనుభవంలో తల్లులకి నిజంగా భయం వేసేది ఇక్కడే, మిగతావి లోకం కోసం అడిగేవి. దానికి మాత్రం వివరంగా, మీ ఉద్యోగం, దాచుకుంటున్న డబ్బు, స్నేహితుల గురించి కూర్చుని చెప్పండి. అందుకే ఆ స్నేహితులు ముందు కావాలన్నాను.

ఆమెకి అర్థం కావడానికి నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు. మీకే ఇంటర్ నుంచి ఇప్పటిదాకా పట్టింది కదా. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులే కలిసి 2017లో ముంబైలో స్వీకార్ - ద రెయిన్‌బో పేరెంట్స్ అని ఒక బృందం పెట్టుకున్నారు. 2023లో నాలుగు వందల మందికి పైగా అమ్మానాన్నలు మా పిల్లలకి పెళ్లి హక్కు ఇవ్వండని ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. అమ్మ కాస్త తేరుకున్నాక ఆ సంగతి అక్క చేత చెప్పించండి. కొడుకు చెప్తే వాదన అనుకుంటుంది. నాన్న సంగతి ఆ తర్వాత, అమ్మే నిర్ణయించనివ్వండి. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఆయన గుండె ఎంత తట్టుకుంటుందో మనకంటే బాగా తెలుసు.

చివరగా మావయ్య ఇల్లు. సంబంధం వద్దన్న కబురు అక్క చేత పంపకండి. మీరే వెళ్లండి, అమ్మ వచ్చినా రాకపోయినా. కారణం చెప్పనక్కర్లేదు గానీ, మరదలు వినేలా అందరి ముందూ ఒక మాట మాత్రం చెప్పండి: ఇందులో ఆమెలో లోపమేమీ లేదు, వద్దనుకున్నది మీరు, మీ కారణాల వల్ల. అలా చెప్పకపోతే రేపు ఆమెకి వచ్చే ప్రతి సంబంధం దగ్గరా "మేనబావ ఎందుకు వద్దన్నాడట?" అని అడుగుతారు. మావయ్య తిడతాడు. కూర్చుని వినండి.