టెక్ సందేహాలు: ఆ డీజే ప్లేయర్లకు అంత ధర ఎందుకు?

ప్రశ్న: ఏడాదిగా రెండు ఛానళ్ల కంట్రోలర్ మీద సాధన చేస్తున్నాను. క్లబ్బుల్లో వాడే ప్లేయర్లు రెండు, మిక్సర్ ఒకటి కొనాలంటే నా కంట్రోలర్ ధరకు ఇరవై రెట్లు దాటిపోతోంది. అంత పెడితే మిక్సింగ్ మెరుగవుతుందా?

జవాబు: మిక్సింగ్ మెరుగవదు. ఈ మాట ముందే తేల్చుకుంటే మిగతా లెక్క సులువు.

మీ కంట్రోలర్‌లో ఉన్నవి మీటలు, జాగ్ వీల్స్, ఫేడర్లు, ఒక సౌండ్ కార్డు. పాటను చదవడం, వేగం మార్చడం, కలపడం అన్నీ ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేరే చేస్తుంది. క్లబ్బుల్లో కనిపించే పయనీర్ డీజే సీడీజే-3000 లాంటి ప్లేయర్‌లో ఆ పని చేసే కంప్యూటర్ లోపలే ఉంటుంది. 9 అంగుళాల టచ్ స్క్రీన్ కూడా ఉంటుంది. పెన్‌డ్రైవ్ పెడితే చాలు, ల్యాప్‌టాప్ అక్కర్లేదు. ధరలో పెద్ద భాగం దీనికే పోతుంది. ఇక శబ్దం సంగతి: ఒకే 320 కేబీపీఎస్ ఎంపీ3ని రెండింటిలో వేసి, స్థాయి సమానంగా పెట్టి, ఇంటి స్పీకర్లపై వింటే తేడా పట్టుకోవడం చాలా కష్టం. శబ్దం కోసమే అయితే ఆ డబ్బు స్పీకర్లకు పెట్టండి.

చేతికి తెలిసే తేడాలు మాత్రం కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది పిచ్ స్లైడర్, అంటే పాట వేగం పెంచే, తగ్గించే జారుడు మీట. మరీ చవక కంట్రోలర్లు కొన్ని స్లైడర్ స్థానాన్ని 7 బిట్లలో పంపుతాయి, అంటే మొత్తం 128 మెట్లే. ప్లస్ మైనస్ 8 శాతం పరిధిలో ఒక్కో మెట్టు సుమారు 0.126 శాతం అవుతుంది. మీకు కావలసిన వేగం రెండు మెట్లకు సరిగ్గా మధ్యలో పడితే 0.063 శాతం తేడా అలాగే మిగిలిపోతుంది. నిమిషం గడిచేసరికి ఒక పాట దాదాపు 38 మిల్లీసెకన్లు జరుగుతుంది, రెండు పాటల కిక్‌లు (డ్రమ్ దెబ్బలు) విడివిడిగా వినబడటానికి అది చాలు. చెవి బాగానే పట్టుకుంటుంది, చేతిలోని స్లైడర్‌కే అంత సన్నటి కదలిక ఉండదు. 14 బిట్ల స్లైడర్‌కు 16,384 మెట్లు, అక్కడ ఈ బాధ లేదు. మీ దాన్ని ఇలా పరీక్షించండి: సింక్ (వేగాన్ని సాఫ్ట్‌వేరే కలిపే సదుపాయం) ఆపేసి, పరిధి ప్లస్ మైనస్ 8 శాతం పెట్టి, స్లైడర్‌ను వీలైనంత నెమ్మదిగా జరుపుతూ తెరపై శాతం చూడండి. అంకె 0.1 కంటే ఎక్కువగా గెంతుతుంటే కంట్రోలర్ మార్చాల్సిందే. ఇప్పటి ప్రారంభ స్థాయి మోడళ్లలో మంచివి చాలావరకు ఈ పరీక్షలో నెగ్గుతాయి. అవి తక్కువ పడేది స్లైడర్ పొడవులో. పెద్ద ప్లేయర్లపై 100 మిల్లీమీటర్లు ఉంటే వాటిపై సుమారు 60 ఉంటుంది, చేతిని ఇంకాస్త నిలకడగా ఉంచుకోవాలి, అంతే.

రెండోది నమ్మకం. కంట్రోలర్ సెటప్‌లో ల్యాప్‌టాప్ ఆగితే హాలు మొత్తం నిశ్శబ్దం. విడి ప్లేయర్లలో ఒకటి ఆగినా రెండోది పాడుతూనే ఉంటుంది. పాట నడుస్తుండగా ఎవరైనా పొరపాటున పెన్‌డ్రైవ్ లాగేస్తే సీడీజే ఆ చివరి నాలుగు బీట్లను ఎమర్జెన్సీ లూప్‌గా తిప్పుతూ మీకు సమయం ఇస్తుంది. వందల మంది ముందు వాయించేవాళ్లకు ఈ ఒక్క సదుపాయం విలువ ఎంతో నేను వేరే చెప్పనక్కర్లేదు. పైగా ఈ ప్లేయర్లను రోజుకొకరు వాడతారు. ఎందరి వేళ్లో పడినా మీటలు తట్టుకోవాలి, పాడైతే ఆ ఒక్క భాగం మార్చగలగాలి.

మూడోది, ఎక్కడికి వెళ్లినా అవే ఉండటం. 1994లో సీడీజే-500, 2001లో సీడీజే-1000, 2009లో సీడీజే-2000, 2020లో సీడీజే-3000 వచ్చాయి. ఇన్నేళ్లలోనూ ప్లే, క్యూ మీటలు ఎడమవైపు కిందే, స్లైడర్ కుడివైపే. ఈ ప్లేయర్లకు పాటలు సిద్ధంచేసే సాఫ్ట్‌వేర్ రికార్డ్‌బాక్స్‌లో మీరు పెట్టుకున్న హాట్ క్యూలు (పాటలో నేరుగా దూకే గుర్తులు), బీట్‌గ్రిడ్‌లు (బీట్లు ఎక్కడ పడతాయో చూపే గీతలు) పెన్‌డ్రైవ్‌తోపాటు వెళ్తాయి, ఆ ఎక్స్‌పోర్ట్ సదుపాయం ఉచిత ప్లాన్‌లోనే ఉంది. నా అభిప్రాయంలో మీకు సరైన దారి ఇదే: ఉన్న కంట్రోలర్‌ను రికార్డ్‌బాక్స్‌తో వాడుతూ సాధన చేయండి, మొదటి క్లబ్ షోకు ముందు ఆ ప్లేయర్లున్న సాధన గది రెండు మూడు గంటలు అద్దెకు తీసుకోండి. అక్కడ కొత్తగా అలవాటు కావలసింది పాటలు వెతకడం, టెంపో పరిధి మార్చడం, మిక్సర్‌లో ట్రిమ్ (ఒక్కో ఛానల్‌లోకి వచ్చే శబ్ద స్థాయి) సరిచూడటం. క్లబ్బులో సామాను క్లబ్బుదే కనుక మీరు సొంతంగా కొననక్కర్లేదు.

ఎక్కడికి వెళ్లినా సొంత సామాను మోసుకెళ్లే డీజే అయితే లెక్క మారుతుంది. అప్పుడు కూడా విడి ప్లేయర్లకన్నా ఎక్స్‌డీజే-ఆర్ఎక్స్3, డెనాన్ ప్రైమ్ 4 వంటి ఆల్ ఇన్ వన్ యంత్రాలు మేలు. ల్యాప్‌టాప్ లేకుండా నడుస్తాయి, పొడవాటి కేబుల్‌లోనూ మోత చేరనివ్వని బ్యాలెన్స్‌డ్ ఎక్స్ఎల్ఆర్ అవుట్‌పుట్ ఉంటుంది, డీజే తాను వినడానికి పెట్టుకునే బూత్ స్పీకర్‌కు వేరే వాల్యూమ్ ఉంటుంది. మోయాల్సింది ఒకే పెట్టె.

ఈలోగా డబ్బు ఆగకపోతే ముందు హెడ్‌ఫోన్ కొనండి. 1988లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 25 ఇప్పటికీ డీజేల చెవులపై ఉండటానికి కారణం బయటి మోతను బాగా ఆపడం, 140 గ్రాముల బరువు, కేబుల్ నుంచి కుషన్ వరకు ఏ ముక్కకాముక్క మార్చుకోగలగడం.

ప్రశ్న: నాకు స్క్రాచింగ్ (రికార్డును ముందుకూ వెనక్కీ ఆడించి శబ్దం తెప్పించడం) అంటే ఇష్టం. నా కంట్రోలర్‌లో ఒక పాట నుంచి మరో పాటకు మార్చే క్రాస్‌ఫేడర్‌ను ఒక చివరికి నెట్టినా అవతలి పాట సన్నగా వినిపిస్తోంది. ఇక్కడైనా ఖరీదైనది కొనాలా?

జవాబు: అవును, డబ్బుకు తగిన ఫలితం నిజంగా కనబడేది స్క్రాచింగ్‌లోనే. ముందు మీ సమస్య. మామూలు ఫేడర్ లోపల కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు వేలు రాసుకుంటూ కదులుతుంది. పట్టీ చివరలు అరిగినా, దుమ్ము చేరినా విలువ పూర్తిగా సున్నాకు చేరదు, అందుకే ఆ పాట కారుతున్నట్టు వినబడుతుంది. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో క్రాస్‌ఫేడర్ కట్ దూరం (చివరి నుంచి ఎంత జరిపాక శబ్దం మొదలవ్వాలో) పెంచే వీలుంటే ముందు అది చూడండి. తగ్గకపోతే ఫేడర్ల కోసమే అమ్మే క్లీనర్ చుక్క వేసి ఇరవై ముప్పైసార్లు అటూ ఇటూ ఆడించండి. తుప్పు వదిలించే మామూలు స్ప్రేలు వాడొద్దు. అవి ఫేడర్‌లోని గ్రీజును కడిగేస్తాయి, రెండు రోజులు బాగున్నట్టు అనిపించి తర్వాత గరగరలాడుతుంది.

స్క్రాచ్ మిక్సర్లలో మ్యాగ్నెటిక్ ఫేడర్ గానీ ఇన్నోఫేడర్ అనే రకం గానీ ఉంటుంది. స్థానాన్ని కొలిచే చోట ఏదీ దేనికీ రాసుకోదు, అందుకే అరుగుదల చాలా తక్కువ. కదలిక బిగువు సరిచేసుకోవచ్చు, శబ్దం మొదలయ్యే దూరం మిల్లీమీటరు లోపలికి తెచ్చుకోవచ్చు, నాలుగు స్క్రూలు విప్పి ఫేడర్ ఒక్కటే మార్చుకోవచ్చు. కొన్ని మధ్యస్థాయి కంట్రోలర్లలోనూ ఇన్నోఫేడర్ బిగించుకునే వీలుంది, మాన్యువల్‌లో చూసి కొనండి.

రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్ వైపు వెళ్తే డైరెక్ట్ డ్రైవ్ (బెల్ట్ లేకుండా మోటారే నేరుగా తిప్పేది) తప్ప వేరేది వద్దు. బెల్ట్ ఉన్నవాటిలో రికార్డును చేత్తో ఆపి వదిలితే బెల్ట్ జారి, వేగం అందుకోవడానికి సమయం తీసుకుంటుంది. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 ఆగిన స్థితి నుంచి 0.7 సెకన్లలో 33 ఆర్‌పీఎంకు చేరుతుంది. 1979లో వచ్చిన ఆ మోడల్ పాతవి ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. 2010లో ఆ వరుస ఆపేసిన కంపెనీ 2016లో మళ్లీ తెచ్చింది. సూది బరువు 3 నుంచి 4 గ్రాముల మధ్య పెట్టండి. తక్కువైతే గాడి దాటుతుంది, ఎక్కువైతే రికార్డు, సూది రెండూ త్వరగా అరుగుతాయి.

ప్రశ్న: మీట నొక్కాక పాట ఆలస్యంగా వస్తోంది, మధ్యలో చిటపట శబ్దాలు కూడా. కంట్రోలర్ మారిస్తే పోతుందా?

జవాబు: ఇది చాలావరకు ల్యాప్‌టాప్ సమస్య, కంట్రోలర్ మార్చి డబ్బు వృథా చేయకండి. స్పీకర్ బ్లూటూత్‌తో కలిపారేమో ముందు చూడండి. బ్లూటూత్ ఆలస్యం తరచూ 100 మిల్లీసెకన్లు దాటుతుంది, దాంతో బీట్ కలపడం అసాధ్యం. కేబుల్‌తోనే కలిపి ఉంటే సాఫ్ట్‌వేర్‌లో బఫర్ సైజు, అంటే ల్యాప్‌టాప్ ఒక్కోసారి ముందుగా సిద్ధంచేసే శబ్దం ఎంతో చూడండి. 44.1 కిలోహెర్ట్జ్ వద్ద 1024 శాంపిళ్ల బఫర్ అంటే 23 మిల్లీసెకన్లు, 256 అంటే దాదాపు 6, 128 అంటే దాదాపు 3. బఫర్ పెద్దదైతే ఆలస్యం, మరీ చిన్నదైతే ల్యాప్‌టాప్ అందుకోలేక చిటపట. 256తో మొదలుపెట్టండి.

విండోస్ అయితే కంట్రోలర్ తయారీదారు ఇచ్చిన ఏసియో (శబ్దం ఆలస్యం తగ్గించే) డ్రైవర్ వేసి, సాఫ్ట్‌వేర్‌లో అదే ఎంచుకోండి. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కు గుచ్చండి. పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి, హై పెర్ఫార్మెన్స్ పెట్టండి. బ్యాటరీ మీద నడిపితే చాలా ల్యాప్‌టాప్‌లు ప్రాసెసర్ వేగం తగ్గిస్తాయి కనుక ఛార్జర్ పెట్టి ఉంచండి. అయినా చిటపట ఉంటే లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్ పది నిమిషాలు నడపండి, ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో పేరుతో సహా చూపిస్తుంది. ఎక్కువగా వైఫై డ్రైవరే దొరుకుతుంది, వాయించేటప్పుడు దాన్ని ఆపితే సరి. పాట నుంచి గాత్రం, డ్రమ్స్ విడదీసే స్టెమ్స్ సదుపాయం ప్రాసెసర్‌ను బాగా తింటుంది. పాత ల్యాప్‌టాప్‌లో దాన్ని ఆపి చూడండి.

ప్రశ్న: పెద్ద స్పీకర్లకు పొడవాటి ఆర్‌సీఏ కేబుల్ వేశాను. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే గుయ్యిమని మోత వస్తోంది.

జవాబు: ఛార్జర్ తీస్తే మోత ఆగుతోంది కనుక ఇది గ్రౌండ్ లూప్. ల్యాప్‌టాప్, స్పీకర్లు వేర్వేరు చోట్ల ఎర్త్ అందుకుంటున్నాయి, ఆ రెండిటి మధ్య పారే చిన్న కరెంటు ఆర్‌సీఏ కేబుల్ మీది లోహపు జాలీ గుండా పోతూ మోతగా వినబడుతోంది. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గుచ్చి చూడండి. పోకపోతే కంట్రోలర్ పక్కనే రెండు ఛానళ్ల 1:1 లైన్ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, అక్కడినుంచి స్పీకర్లకు ఎక్స్ఎల్ఆర్ కేబుళ్లు వేయండి. మామూలు డీఐ బాక్స్ (సిగ్నల్‌ను బ్యాలెన్స్‌డ్‌గా మార్చే చిన్న పెట్టె) కూడా మోత ఆపుతుంది గానీ, సిగ్నల్‌ను మైక్ స్థాయికి దించేస్తుంది, స్పీకర్‌లో మైక్ ఇన్‌పుట్ లేకపోతే వాల్యూమ్ చాలదు. ఒక కొన ఆర్‌సీఏ, మరో కొన ఎక్స్ఎల్ఆర్ ఉన్న కేబుల్‌తో సిగ్నల్ బ్యాలెన్స్‌డ్ అయిపోదు. ప్లగ్ ఎర్త్ పిన్ తీసేయమని ఎవరు చెప్పినా వినొద్దు, ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: పాత సీడీజే-2000 నెక్సస్2 అమ్మకానికి దొరికింది. ఏమేం చూడాలి?

జవాబు: ప్లే, క్యూ మీటలను ముప్పైసార్లు వేగంగా నొక్కండి. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పలికినా, పలకకపోయినా లోపలి స్విచ్ అరిగినట్టు. అది మార్చగలిగేదే, బేరంలో తగ్గించమనండి. స్లైడర్‌ను ఒక చివరినుంచి మరో చివరికి జరుపుతుంటే అంకెలు గెంతకూడదు, మధ్యలో వదిలితే ఊగకూడదు. పెన్‌డ్రైవ్ పెట్టి పాట నడుస్తుండగా మెల్లగా కదిలించండి. కనెక్షన్ పోతే పోర్టు వదులైంది. ల్యాన్ కేబుల్‌తో మరో ప్లేయర్‌కు కలిపి అక్కడి పాటను ఇక్కడ తెరిచి చూడండి. మీటలు జిగటగా తగిలితే లోపల పానీయం ఒలికిందని అర్థం, అది తీసుకోకండి.

ప్రశ్న: క్లబ్బులో నా పెన్‌డ్రైవ్‌లోని కొన్ని పాటలకు తెరపై ఈ-8305 అనే ఎర్రర్ వచ్చింది. ఇంట్లో అవే పాటలు బాగా వచ్చాయి.

జవాబు: ఆ పాటల ఫార్మాట్ ఆ ప్లేయర్‌కు రాదని అర్థం. ఇంట్లో చదివింది ల్యాప్‌టాప్ కనుక తెలియలేదు. సీడీజే-2000, దాని తర్వాతి నెక్సస్ ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించిన) ఫైళ్లు చదవవు, నెక్సస్2 చదువుతుంది. మీరు వెళ్లే చోట ఏది ఉంటుందో ముందుగా తెలియదు కనుక ఫ్లాక్‌లను 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ల ఏఐఎఫ్ఎఫ్‌గా గానీ 320 ఎంపీ3గా గానీ మార్చి, రికార్డ్‌బాక్స్‌లో మళ్లీ అనలైజ్ చేసి ఎక్స్‌పోర్ట్ చేయండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో, ఎంబీఆర్ (డిస్క్‌ను విభజించే పాత పద్ధతి) పార్టిషన్‌తో ఉండాలి. ఎన్‌టీఎఫ్ఎస్‌ను ఈ ప్లేయర్లు అసలు గుర్తించవు. చాలా విండోస్ వెర్షన్లలో 32 జీబీ దాటిన వాటికి మామూలు ఫార్మాట్ విండోలో ఫ్యాట్32 కనిపించదు, వేరే ఫార్మాట్ టూల్ వాడాలి. ఎక్స్‌పోర్ట్ అయ్యాక రికార్డ్‌బాక్స్‌లోనే ఎజెక్ట్ నొక్కి తీయండి, నేరుగా లాగేస్తే డేటాబేస్ సగంలో ఆగి ప్లేలిస్టులు మాయం కావచ్చు. అదే ఎక్స్‌పోర్ట్‌ను రెండో పెన్‌డ్రైవ్‌లోకి కూడా విడిగా చేసి, దాన్ని వేరే జేబులో పెట్టుకోండి.