కొత్త పిస్టన్ వేసే ముందు లీక్ టెస్ట్ చేయండి

మీరు యమహా బాన్షీ 350 (రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్) ఇంజిన్‌తో కట్టిచ్చిన రెండో క్వాడ్ (నాలుగు చక్రాల బైక్) ఎడమ సిలిండర్‌లో పిస్టన్ పట్టేసి వెనక్కొచ్చిందన్నారు. జెట్లు (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ కొలిచి వదిలే చిన్న ముక్కలు) మొదటి బండి సైజువే అన్నారు కదా, ఆ వైపు కార్బ్యురేటర్ శుభ్రంగా ఉంటే నా అనుమానం స్టేటర్ (కరెంటు పుట్టించే కాయిల్) వెనకున్న క్రాంక్ సీల్ మీదే, అంటే క్రాంక్ షాఫ్ట్ చుట్టూ గాలి చొరకుండా ఆపే రబ్బరు రింగు. అక్కడ గాలి లాగితే పెట్రోల్-గాలి మిశ్రమం పలచబడి పిస్టన్ వేడెక్కుతుంది. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లాగి తెల్లపొగ వస్తుంది, దాన్ని ఇట్టే పట్టేయొచ్చు.

స్టేటర్ కవర్, ఫ్లైవీల్ విప్పండి. రెండు ఇన్‌టేక్ బూట్లు (కార్బ్యురేటర్లను ఇంజిన్‌కు కలిపే రబ్బరు గొట్టాలు), రెండు ఎగ్జాస్ట్ పోర్టులు బిగుతుగా మూసి, 6 పీఎస్ఐ గాలి ఎక్కించి 6 నిమిషాలు గేజ్ చూడండి. ముల్లు దిగితే సీల్ దగ్గర, సిలిండర్ అడుగునున్న బేస్ గ్యాస్కెట్ అంచున, బూట్లను కలిపే గొట్టం చివర్ల సబ్బునీళ్లు కొట్టండి. నురగ ఎక్కడ లేస్తే లీకు అక్కడే. 6 దాటించొద్దు, మంచి సీల్ కూడా తన్నుకు రావచ్చు.

ఇకనుంచి ఈ టెస్ట్ కాకుండా బండి షెడ్డు దాటకూడదు. గేజ్ అంకె, జెట్ నంబర్లు, పెట్రోల్‌లో కలిపే ఆయిల్ పాళ్లు (32:1 అయితే 5 లీటర్ల పెట్రోల్‌కి 156 మి.లీ.) కార్డు మీద రాసి కస్టమర్ సంతకం తీసుకోండి. ఎయిర్ ఫిల్టరో సైలెన్సరో మార్చి జెట్లు మార్చకపోతే వారంటీ చెల్లదని అందులోనే రాయండి. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.