మీ సందేహం: పోస్టులో వచ్చిన ఓటును ఎలా పరిశీలిస్తారు?

ప్రశ్న: మా అబ్బాయి సైన్యంలో ఉన్నాడు. ఓటేమో ఊళ్లో ఉంది. పోస్టులో పంపే బ్యాలెట్‌ను కౌంటింగ్ రోజు ఎలా చూస్తారు? ఓటు సరిగ్గా వేసినా చెల్లలేదంటారేం?
– ఓ పాఠకురాలు, కావలి

జవాబు: జవాన్లకు బ్యాలెట్ ఆన్‌లైన్‌లో వస్తుంది. ప్రింటు తీసుకుని, ఓటేసి పోస్టులో పంపాలి. రిటర్నింగ్ అధికారి చిరునామా ఉన్న పెద్ద కవరు ఫారం 13సి. అందులో రెండే ఉండాలి: పై అధికారి ధ్రువీకరించిన డిక్లరేషన్ (13ఎ), బ్యాలెట్ పెట్టి అంటించిన చిన్న కవరు (13బి).

కౌంటింగ్ కేంద్రంలో ముందు పెద్ద కవరు మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తారు. ఒకరి పేరుతో రెండు కవర్లొస్తే అక్కడే బయటపడుతుంది. తర్వాత కవరు విప్పి డిక్లరేషన్ తీస్తారు. ఓటరు సంతకం, ధ్రువీకరణ ఉన్నాయా? అందులో రాసిన బ్యాలెట్ సీరియల్ నంబరు, చిన్న కవరు మీది నంబరు ఒకటేనా? ఏది తేడా వచ్చినా చిన్న కవరు జోలికే పోరు. డిక్లరేషన్‌ను కూడా చిన్న కవరులోనే పెట్టి అంటించేసే వాళ్లున్నారు. లోపలుందేమోనని ఎవరూ విప్పి చూడరు, లేనట్టే లెక్క. ఓటు సరిగ్గా వేసినా పోయేది ఇలాగే.

సరిగ్గా ఉన్న డిక్లరేషన్లన్నీ ఒక ప్యాకెట్‌లో పెట్టి సీలు వేశాకే చిన్న కవర్లు తెరుస్తారు. ఏ ఓటు ఎవరిదో తెలియకూడదు కదా. బ్యాలెట్ మీద టిక్కు పెట్టినా, ఇంటూ కొట్టినా ఫర్వాలేదు. ఇద్దరికి గుర్తు పెట్టినా, సంతకం చేసినా చెల్లదు.

2024లోలా రెండు ఎన్నికలు కలిసొస్తే నెల్లూరు లోక్‌సభ కవర్లు వేరు, కావలి అసెంబ్లీవి వేరు. తారుమారు కాకుండా చూసుకోమనండి. కౌంటింగ్ మొదలయ్యే వేళకు, మామూలుగా ఉదయం 8 గంటలకు, కవరు చేరి ఉండాలి. పోస్టాఫీసు ముద్ర మీద పాత తేదీ ఉన్నా లాభం లేదు. ఆలస్యంగా వచ్చింది విప్పకుండానే పక్కన పెడతారు.

ప్రశ్న: టీచర్‌ను. ఎన్నికల డ్యూటీ పడితే నేనూ పోస్టులో పంపొచ్చా? అధికారి ముద్ర లేకపోతే ఓటు పోతుందా?
– ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: పంపకూడదు. 2023లో నిబంధన మారింది. డ్యూటీ సిబ్బంది ఓటేసేందుకు పెట్టే ఫెసిలిటేషన్ సెంటర్‌లోనే బ్యాలెట్ తీసుకుని, ఓటేసి, అక్కడే ఇవ్వాలి. ముద్ర గొడవ 2024లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డిక్లరేషన్ మీద సెంటర్‌లో నియమించిన అధికారి సంతకముంటే ముద్ర లేకున్నా చెల్లుతుందని ఎన్నికల సంఘం చెప్పింది, కోర్టు జోక్యం చేసుకోలేదు. అయినా సంతకం, పేరు, హోదా అన్నీ పడ్డాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. గెలుపు తేడా కన్నా తిరస్కరించిన పోస్టల్ ఓట్లు ఎక్కువుంటే వాటన్నిటినీ మళ్లీ పరిశీలించి తీరాలి.