విథర్ స్కెలిటన్ పుర్రె రావడం లేదా? ముందు టార్చ్‌లు పీకేయండి

ప్రశ్న: మైన్‌క్రాఫ్ట్ గేమ్ (కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్) ఆడతాను. విథర్ అనే పెద్ద శత్రువును (బాస్‌ను) పిలవడానికి మూడు విథర్ స్కెలిటన్ పుర్రెలు కావాలి. నెదర్ అనే పాతాళ లోకంలో కోట దొరికింది. మొదట్లో విథర్ స్కెలిటన్‌లు బాగానే వచ్చేవి, అరవై దాకా చంపాను. ఒక్క పుర్రె కూడా పడలేదు. చీకట్లో భయమేసి కోటంతా టార్చ్‌లు పెట్టాను. అప్పటినుంచి అవి రావడమే మానేశాయి. నా వరల్డ్‌లో బగ్ ఏమైనా ఉందా?
- ఇంటర్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: బగ్ ఏమీ లేదు తమ్ముడూ. టార్చ్‌లే వాటిని ఆపేశాయి. ఆట లెక్కలో వెలుగు 7 దాటిన చోట విథర్ స్కెలిటన్ పుట్టదు. టార్చ్ ఇచ్చే వెలుగు 14. వరసగా పెట్టుకుంటూ పోయావంటే కోటకు నువ్వే తాళం వేసినట్టు. అన్నీ పీకెయ్. తిరిగి రావడానికి దారి గుర్తు కావాలంటే మలుపుల దగ్గర రాళ్లు పేర్చుకో.

ఇక అరవై లెక్క. మామూలు కత్తితో చంపితే పుర్రె పడే అవకాశం 2.5 శాతం. ఆ లెక్కన అరవై చంపినా ఒక్కటీ దక్కని వాళ్లు నూటికి 22 మంది ఉంటారు. నూరు చంపినా దక్కని వాళ్లు 8 మంది. నీ జాతకానికేం ఢోకా లేదు, కత్తే మార్చాలి. లూటింగ్ (చంపినవాటి నుంచి ఎక్కువ సరుకు రాబట్టే మంత్రం) మూడో స్థాయి ఉన్న కత్తితో అవకాశం 5.5 శాతం అవుతుంది, అంటే సగటున 18కి ఒకటి. దాని మీద స్మైట్ (చచ్చి లేచిన ప్రాణులను గట్టిగా కొట్టే మంత్రం) కూడా ఉంటే ఇంకా మేలు, ఇవి చచ్చి లేచిన జాతి కదా. చంపేది మాత్రం నువ్వే కావాలి. వంతెన మీద నుంచి దానంతటదే కిందపడి చచ్చినదాని దగ్గర పుర్రె కోసం వెతక్కు.

చాలామంది చేసేది ఇంకొకటుంది. ఒక గదిలో నిలబడి ఎదురుచూస్తారు. నీ చుట్టూ 24 బ్లాకుల లోపల ఏదీ పుట్టదు. అందుకని పొడవాటి వంతెన ఒకటి చూసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ ఉండు. లావా సముద్రం మీదుగా పోయే వంతెన అయితే నా ఓటు దానికే. ఎందుకంటే ఒకేసారి ఎన్ని శత్రు ప్రాణులు ఉండాలో ఆటలో ఒక హద్దు ఉంది, ఒంటరిగా ఆడేవాడికి దాదాపు 70. చుట్టూ నేల ఎక్కువుంటే అక్కడ తిరిగే జాంబిఫైడ్ పిగ్లిన్ అనే పంది జాంబీలే ఆ హద్దు నింపేస్తాయి. కింద లావా ఉంటే ఆ పోటీ తగ్గుతుంది. కోటలో కనిపించే మామూలు స్కెలిటన్‌లను, మాగ్మా క్యూబ్‌లను కూడా వదలకు, అవి పోతేనే కొత్తవాటికి చోటు. జాంబిఫైడ్ పిగ్లిన్ జోలికి మాత్రం పోకు. ఒకదాన్ని కొడితే పక్కనున్నవన్నీ మీద పడతాయి.

పోరాటానికి నేను వాడే ఏర్పాటు చెబుతాను. విథర్ స్కెలిటన్ ఎత్తు 2.4 బ్లాకులు. మనం రెండు బ్లాకుల సందులో హాయిగా దూరతాం, దానికి తల తగులుతుంది. కారిడార్ అడ్డంగా గోడ కట్టి, మధ్యలో రెండు బ్లాకుల ఎత్తు సందు వదిలి, దాని వెనక ఒకడుగు దూరంలో నిలబడు. ఎముకల టకటక వినిపిస్తుంది, నల్లటి కాళ్లు, రాతి కత్తి సందులో కనిపిస్తాయి. కాళ్లకే కొట్టు, చాలు. గోడకు ఆనుకున్నావో, దాని కత్తీ నీకు తగులుతుంది.

దాని దెబ్బ తగిలితే గుండెలు నల్లబడి పది సెకన్ల పాటు కరుగుతాయి. విషంలాగా ఇది అర గుండె దగ్గర ఆగదు, చంపేస్తుంది. పాలు తాగితే పోతుంది. అయితే పాలు అన్నిటినీ కడిగేస్తాయి, నువ్వు తాగిన, నిప్పు నుంచి కాపాడే ఫైర్ రెసిస్టెన్స్ మందుతో సహా. లావా పక్కన నిలబడి పాల బకెట్ ఎత్తకు.

ప్రశ్న: మా అబ్బాయి “ఇంకొక్క పుర్రె అమ్మా” అంటూ అన్నానికి రాడు. పాజ్ చేయమంటే కుదరదంటాడు. నిజమేనా? అసలు ఈ పుర్రెలు ఎందుకు?
- ఒక తల్లి, డాలస్

జవాబు: వాడు కంప్యూటర్‌లో ఒక్కడే ఆడుతుంటే మీకు కథ చెబుతున్నాడండీ. ఎస్కేప్ నొక్కితే జావా ఎడిషన్ ఆగిపోతుంది. స్నేహితులతో సర్వర్‌లో ఆడుతుంటే మాత్రం నిజంగానే ఆగదు. అప్పుడైనా చుట్టూ, నెత్తి మీద బ్లాకులు పెట్టుకుని మూసేసుకోవడానికి కొన్ని సెకన్లు చాలు. “లోపల మూసుకుని రా నాన్నా” అనండి, వాడికి అర్థమవుతుంది, మీకీ సంగతి తెలిసినందుకు ఆశ్చర్యపోతాడు కూడా.

మూడు పుర్రెలు, నాలుగు సోల్ శాండ్ బ్లాకులు పేరిస్తే మూడు తలల విథర్ లేస్తుంది. దాన్ని చంపితే నెదర్ స్టార్. ఆ స్టార్, ఐదు గాజు బ్లాకులు, మూడు అబ్సిడియన్ కలిపితే బీకన్ తయారవుతుంది, దాన్ని ఇనుప పిరమిడ్ మీద పెడితే దగ్గర్లో ఉన్నవాళ్లకు వేగం, బలం లాంటివి వస్తాయి. విథర్‌ను ఇంటి ముందు లేపొద్దని మాత్రం ముందే చెప్పండి. లేచీ లేవగానే పేలుతుంది, ఆ తర్వాత కట్టిందంతా కూలగొడుతుంది.

ప్రశ్న: ఛార్జ్‌డ్ క్రీపర్‌తో (పిడుగు తగిలిన, పేలే ప్రాణితో) పేలిస్తే పుర్రె ఖాయమంటున్నారు. ఈ వేట అంతా అవసరమా?
- పాఠకుడు, విజయవాడ

జవాబు: ఖాయమే. కానీ జావాలో ఒక పేలుడుకు ఒక పుర్రే వస్తుంది. విథర్ స్కెలిటన్‌ను పోర్టల్ (లోకాల మధ్య ద్వారం) దాటించి నెదర్ నుంచి పైకి తేవాలి, ఎండకు కాలదు కాబట్టి అది నయం. ఆపైన ఉరుముల వాన కోసం కాచుకుని, ఛానెలింగ్ (పిడుగును రప్పించే మంత్రం) ఉన్న ట్రైడెంట్ అనే త్రిశూలంతో క్రీపర్ మీద పిడుగు వేయాలి, రెండూ పక్కపక్కన ఉండగా పేల్చాలి. ఒకసారి సరదాకు చేసి చూడండి. మూడు పుర్రెలూ ఇలాగే తేవాలంటే, ఆ వాన పడేలోపు లూటింగ్ కత్తితో వంతెన మీద పని అయిపోతుంది.