అమ్మానాన్నలతో, పిల్లలతో ఇటలీలో కారు ప్రయాణం: వైన్ తోటలు కూడా చూడొచ్చా?

మీ ప్రశ్న ఇది: సెప్టెంబరులో పది రోజులు ఇటలీ. అరవై దాటిన అమ్మానాన్నలు, బడికెళ్లే ఇద్దరు పిల్లలు. కారు అద్దెకు తీసుకుని ఊళ్లు చూస్తూ, దారిలో వైన్ టేస్టింగ్ చేయాలని ఉంది. పెద్దవాళ్లు మందు ముట్టరు కాబట్టి వాళ్లకు విసుగొస్తుందేమోనని మీ బెంగ.

నిస్సంకోచంగా వెళ్లండి. మా ప్రయాణంలో అందరికన్నా ఎక్కువ సంబరపడింది చుక్క కూడా తాగని మా నాన్న. అయితే ఇటలీ అంతా కారులోనే చుట్టేద్దామనుకోకండి. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ లాంటి నగరాలకు రైల్లో వెళ్లండి, కారు పల్లెల కోసం ఉంచుకోండి. పల్లెల్లోనూ రోజుకో హోటల్ మారొద్దు. ఒకచోట మకాం పెట్టి, పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చేయండి. రోజుకు ఒక వైనరీ, ఒక ఊరు. అంతకు మించి పెట్టుకుంటే పెద్దవాళ్లు అలసిపోతారు, పిల్లలు పేచీ పెడతారు, చివరికి ఎవరికీ ఏదీ తృప్తిగా ఉండదు.

మేం వెళ్లింది మధ్య ఇటలీలోని టస్కనీకి, సెప్టెంబరు చివర్లో. అమ్మ, నాన్న, మావారు, మా పాప, నేను, జర్మనీ నుంచి వచ్చి కలిసిన మా తమ్ముడు. ఫ్లోరెన్స్‌కూ సియెనాకూ మధ్య సుమారు 70 కిలోమీటర్లే. ఆ మధ్యలో ఉన్న కొండల నేలే కియాంటి. రెండు నగరాలనూ కలుపుతూ గ్రేవే, పాన్‌జానో, కాస్టెల్లీనా ఊళ్ల మీదుగా పోయే ఎస్ఆర్ 222 రోడ్డు చాలా అందంగా ఉంటుంది. ఒక మలుపులో ఆలివ్ చెట్లు, ఇంకో మలుపులో ద్రాక్ష వరుసలు, తర్వాత ఓక్ అడవి. కానీ మలుపులు ఎక్కువ. కారులో కడుపు తిప్పేవాళ్లుంటే ముందు సీటులో కూర్చోబెట్టండి, మాత్ర ముందే వేయించండి. తొందరగా వెళ్లాల్సిన రోజు ఆ దారి వద్దు. ఫ్లోరెన్స్, సియెనాల మధ్య టోల్ లేని నాలుగు వరుసల రోడ్డు వేరే ఉంది.

ఇక మీ అసలు బెంగ సంగతి. మా నాన్నకు ఒకప్పుడు శామీర్‌పేట వైపు ద్రాక్షతోట ఉండేది. పందిరి మీద పాకించిన అనాబ్-ఎ-షాహి, తినే ద్రాక్ష రకం. కియాంటిలో తోట చూపించడానికి వచ్చినావిడ అక్కడి పంట వ్యవహారాలన్నీ చూసుకునే మనిషి. మేం వైన్ గ్లాసుల కోసం ఎదురుచూస్తుంటే నాన్న ఆవిణ్ణి వరుసల మధ్యకు తీసుకెళ్లిపోయారు. "అమ్మాయ్, కత్తిరింపు ఏడాదికి ఎన్నిసార్లో అడుగు" అన్నారు నాతో. ఒకేసారి, చలికాలంలో అని చెప్పిందావిడ. మన వైపు తీగ పూర్తిగా నిద్రపోదు కాబట్టి వేసవిలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో ఒకసారి కత్తిరించి, ఒక్క పంట తీస్తారు. అక్కడ చలికి ఆకంతా రాలి, తీగ నెలల తరబడి మోడులా ఉండిపోతుంది. రెండుసార్లు కత్తిరిస్తారని చెప్పినప్పుడు ఆవిడ ఎంత ఆశ్చర్యపోయిందో!

తర్వాత దిగుబడి గురించి అడిగారు. ఈ కొండల వైన్‌కు కియాంటి క్లాసికో అని పేరు పెట్టుకోవాలంటే హెక్టారుకు 7.5 టన్నుల కాయ మించకూడదని నిబంధన. అంటే ఎకరానికి దాదాపు 3 టన్నులు. నాన్న నమ్మలేదు. "ఎకరానికి పది టన్నులు దాటకపోతే మాకు కూలి డబ్బులే రావు కదమ్మా" అన్నారు. ఎక్కువ కాస్తే ఏం చేస్తారని అడిగితే, వేసవిలోనే కొన్ని గుత్తులు కోసి నేల మీద పడేస్తామని చెప్పింది. మిగిలిన గుత్తులకే తీగ సత్తువంతా పోవాలట. కాసిన కాయను చేజేతులా నేలపాలు చేయడం నాన్నకు మింగుడు పడలేదు. ఆవిడ ఒక సాంజొవేజె గుత్తి కోసిచ్చింది, అక్కడ వైన్‌కు ముఖ్యంగా వాడే ద్రాక్ష అదే. చిన్న పళ్లు, నిండా గింజలు. పండు తియ్యగానే ఉంది, తోలు మాత్రం వగరు. గింజ కూడా కొరకమంది. గింజ గోధుమ రంగుకు తిరిగి కరకరలాడితే కోతకు వచ్చినట్టు, పచ్చిగా చేదుగా ఉంటే ఇంకా ఆగాలి. తినే ద్రాక్షకూ వైన్ ద్రాక్షకూ ఉన్న తేడా ఆ ఒక్క గుత్తిలోనే తెలిసిపోయింది. కోతకు ముందు వాన పడితే ఏమవుతుందన్న మాట వచ్చేసరికి ఇద్దరూ ఒకేలా తల పట్టుకున్నారు. ఆ పూట మేం తాగిన వైన్ బాగుంది. కానీ ఇప్పటికీ మా ఇంట్లో అందరూ చెప్పుకునేది ఈ సంభాషణ గురించే.

అందుకే తాగనివాళ్లను వదిలేసి వెళ్లకండి. బుక్ చేసేటప్పుడే తోట, వైన్ నిల్వ చేసే సెల్లార్ రెండూ చూపిస్తారా అని అడగండి. ఉత్త టేస్టింగ్ అయితే తాగనివాళ్లు బల్ల దగ్గర గంటసేపు ఖాళీగా కూర్చోవాలి. తోట తిప్పితే అందరికీ పని ఉంటుంది. ఎంతమంది తాగరో, పిల్లలెందరో ముందే రాయండి. మేం వెళ్లిన చోట్ల తాగనివాళ్లకు డబ్బు తగ్గించారు, పిల్లలకు ద్రాక్షరసం, రొట్టె, చీజ్, ఆలివ్ నూనె ఇచ్చారు. కొత్త ఆలివ్ నూనె నవంబరులో గానీ రాదు, అయినా ఆ నూనెలో రొట్టె ముంచుకుని మా అమ్మ తిన్నంత ఇష్టంగా ఎవరూ తినలేదు. తాగేవాళ్లకు మనిషికి 25 నుంచి 50 యూరోల దాకా అయింది.

పెద్దవాళ్లతో వెళ్లడానికి నేను మొదట చెప్పేది గాయియోలె దగ్గరి బ్రోలియో కోట. రికాసోలి కుటుంబానిది. అందులో బెత్తీనో రికాసోలి అనే ఆయన ఏకమైన ఇటలీకి రెండో ప్రధానమంత్రి. కియాంటిలో సాంజొవేజె ముఖ్యంగా ఉండాలని, మిగతావి ఏ ద్రాక్షలు కలపాలో 1872లో ఉత్తరంలో రాసిపెట్టింది ఆయనే. కోట తోటల్లోంచి చూస్తే దూరంగా సియెనా కనిపిస్తుంది. వైన్ తాగకపోయినా అక్కడ ఒక పూట హాయిగా గడిచిపోతుంది. కొత్త తరహా కట్టడం చూడాలంటే బార్జీనో దగ్గర ఆంటినోరి వాళ్లది ఉంది. 1385 నుంచి వైన్ వ్యాపారంలో ఉన్న కుటుంబం, 2012లో వైనరీ మొత్తాన్నీ కొండ లోపలికి కట్టి, పైన మళ్లీ తోట వేశారు. నాకైతే చిన్న కుటుంబాల తోటలే ఎక్కువ నచ్చాయి. మాట్లాడటానికి వాళ్లకు తీరిక ఉంటుంది.

సీసా కొనేటప్పుడు మెడ దగ్గర నల్ల కోడిపుంజు గుర్తు చూడండి, అది కియాంటి క్లాసికోది. ఉత్త కియాంటి అని ఉంటే అది వేరే, ఇంకా పెద్ద ప్రాంతంలో తయారయ్యేది. ఈ కొండల హద్దుల్ని 1716లోనే టస్కనీని ఏలిన మెడిచి వంశపు ప్రభువు మూడో కోసిమో శాసనం చేసి గీశాడు. క్లాసికోలో కనీసం 80 శాతం సాంజొవేజె ఉండాలి. దక్షిణాన మోంటాల్చీనోలో చేసే బ్రునెల్లో అయితే 100 శాతం అదే ద్రాక్ష, కోత తర్వాత ఐదో ఏడాది మొదలయ్యేదాకా అమ్మకానికే రాదు. ఒకే ద్రాక్ష రెండు నేలల్లో ఎలా మారుతుందో పక్కపక్కన రుచి చూడటం నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. బరోలో అనే వైన్ కోసం ఉత్తరాన పీడ్‌మోంట్ ప్రాంతానికి వెళ్లమని కూడా మీకు సలహాలు వస్తాయి. వైన్ గొప్పదే. కానీ పదిరోజుల్లో పిల్లలతో రెండూ పెట్టుకోవద్దు.

తాగి నడపడం గురించి ఖచ్చితంగా ఉండండి. ఇటలీలో పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములు. లైసెన్సు వచ్చి మూడేళ్లు నిండనివాళ్లకు సున్నా. నా లెక్కలో, ఇంటిల్లిపాదీ కూర్చున్న కారు నడిపేవాళ్లకు ఎప్పుడూ సున్నానే. కారు నడిపిన మా తమ్ముడు పగలంతా వైన్ రుచి చూసి ఉమ్మి పారేసేవాడు. ప్రతి బల్ల మీదా అందుకోసం పాత్ర పెడతారు, అదేమీ అమర్యాద కాదు. నచ్చినదాన్ని ఒక సీసా కొనుక్కుని రాత్రి ఇంటికొచ్చాక తాగేవాడు. మీ ఇంట్లో డ్రైవింగ్ వచ్చింది ఒక్కరికే, ఆయనకే వైన్ ఇష్టమైతే, ఆ ఒక్క రోజుకు డ్రైవరుతో సహా బండి మాట్లాడుకోండి. ఆ ఖర్చు దండగ కాదు.

కారు విషయానికొస్తే, మన లైసెన్సుతో పాటు ఆర్టీవోలో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి. గేర్ల కార్లే ఎక్కువ, ఆటోమేటిక్ కావాలంటే చాలా ముందు బుక్ చేయాలి. డిపాజిట్ కోసం నడిపే మనిషి పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు. ఒకటిన్నర మీటరు ఎత్తు లేని పిల్లలకు తగిన సీటు ఉండాలి. హైవేలో గంటకు 130, ఊళ్లో 50. టోల్ దగ్గర టికెట్ తీసుకుని దిగేచోట కట్టాలి, పసుపు రంగు టెలిపాస్ వరుసలోకి మాత్రం పోకండి, అది మన ఫాస్టాగ్ లాంటి పరికరం ఉన్న కార్లకు. బంకులో పెట్రోలు మీద బెంజీనా అని, డీజిల్ మీద గసోలియో అని ఉంటుంది. మీరే పోసుకుంటే కాస్త చవక.

అన్నిటికన్నా ముఖ్యం జెడ్‌టీఎల్, అంటే కార్ల రాకపోకలకు ఆంక్షలున్న ప్రాంతం. పాత ఊళ్ల నడిబొడ్డుకు బయటి కార్లు రాకూడదు. తెల్లటి గుండ్రం చుట్టూ ఎర్రగీత ఉన్న బోర్డు, దాని పక్కన కెమెరా. దాటారంటే నెలల తర్వాత జరిమానా ఇంటికొస్తుంది, కారు కంపెనీ తన రుసుము కూడా వసూలు చేస్తుంది. మ్యాప్ తీసుకెళ్లిందని వెళ్లిపోవద్దు. ఊరి బయట ఆపి నడవండి. తెల్లగీతల పార్కింగ్ ఉచితం, నీలం గీతలకు డబ్బు కట్టాలి, పసుపు మనకు కాదు. ఫ్లోరెన్స్‌లో అయితే కారు విమానాశ్రయం దగ్గర తీసుకుని, అక్కడే తిరిగిచ్చేయండి.

ఊరి బయట ఆపితే పెద్దవాళ్లు ఎక్కలేరేమో అంటారా? ఊరిని బట్టి ఉంటుంది. సియెనాలో పార్కింగ్ వైపు నుంచి పైకి ఎస్కలేటర్లున్నాయి. గుల్లలా పల్లంగా ఉండే కాంపో మైదానంలో పిల్లలు పరుగెడుతుంటే పెద్దవాళ్లు ఇటుకల మీద కూర్చుని ఎంతసేపైనా చూడొచ్చు. పియెంజా దాదాపు చదునే. ఆ వీధుల్లో పెకొరీనో చీజ్ వాసన, ఊరి చివర గోడ మీంచి ఓర్చా లోయంతా కనిపిస్తుంది. మోంటెపుల్చానో మాత్రం నిటారు ఎక్కుడు, చిన్న బస్సు ఎక్కించండి. సాన్ జిమిన్యానోలో మధ్యాహ్నం విపరీతమైన జనం, పొద్దున్నే వెళ్లండి. ఒకప్పుడు 72 దాకా ఉండేవని చెప్పే గోపురాల్లో 14 మిగిలాయి. అక్కడి తెల్ల వైన్ వెర్నాచాకు 1966లో, ఇటలీలో మొట్టమొదటగా, డీఓసీ గుర్తింపు వచ్చింది, అంటే ఫలానా ప్రాంతపు వైన్ అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు. ఇక బాన్యో వీన్యోనిని అస్సలు వదలొద్దు. ఊరి నడుమ చౌక్ ఉండాల్సిన చోట మన గుడి కోనేరులా రాతి కొలను, అందులో వేడినీటి ఊట. దాంట్లో దిగనివ్వరు, కింద పారే కాలువలో మాత్రం కాళ్లు పెట్టుకోవచ్చు. అమ్మను అక్కణ్ణుంచి లేపడం కష్టమైంది.

ఉండటానికి వంటగది ఉన్న వ్యవసాయ ఇంటిని తీసుకోండి, ఆగ్రితురిజ్మో అంటారు. రెస్టారెంట్లు మధ్యాహ్నం రెండున్నర దాటితే మూసేస్తారు, రాత్రి ఏడున్నరకు గానీ తెరవరు. ఆ మధ్యలో పిల్లలకు ఆకలేస్తే మీ వంటగదే దిక్కు. శనివారం పొద్దున గ్రేవేలో సంత. వంకాయలు, టమాటాలు తెచ్చి అమ్మ కూర చేసింది. సోనామసూరి దొరకదు, కానీ రిసొట్టో చేసే అర్బోరియో బియ్యం మెత్తగా ఉడికి పెరుగన్నానికి బాగా కుదిరింది. ఆవకాయ, పొడులు తీసుకెళ్లండి. నెయ్యి, పాలకోవా లాంటివి వద్దు, బయటి దేశాల పాల పదార్థాలూ మాంసమూ యూరప్‌లోకి రానివ్వరు. బయట తినాలంటే శాకాహారులకు రిబొల్లీటా అనే కూరగాయల, రొట్టె సూపు, పప్పా అల్ పొమొదోరో అనే టమాటా, రొట్టె సూపు, వెల్లుల్లి టమాటా సాసుతో పీచీ అనే లావుపాటి పాస్తా ఉన్నాయి. సూపుల్లో మాంసం ఉడికించిన నీళ్లు వాడారేమో అడగండి. నిష్ఠగా ఉండేవాళ్లకు ఒక మాట: పార్మిజానో చీజ్‌లో పాలు విరవడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. అమ్మకు అది ముందే చెప్పాను, ఆవిడ ఆ చీజ్ వేయొద్దనేది. టస్కనీ రొట్టెలో ఉప్పుండదు, మొదటిరోజు చప్పగా అనిపిస్తుంది. ఉప్పగా ఉండే చీజ్‌తో తినండి.

సెప్టెంబరు కోతల కాలం కాబట్టి వైనరీల వాళ్లకు క్షణం తీరిక ఉండదు. కనీసం నెల ముందు ఈమెయిల్ పెట్టండి, ఆదివారం తెరుస్తారో లేదో కనుక్కోండి. భోజనానికి ముందు, పదకొండు గంటల వేళ అడిగితే ఎండా ఉండదు, పిల్లలూ చిరాకు పడరు. తిరుగు ప్రయాణంలో మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేకుండా ఇండియాకు తెచ్చుకోవచ్చు, అంటే మామూలు సీసాలు రెండేసి. చెకిన్ పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టండి.